ముప్పై ఒకటో పేజీ

లంచ్ బెల్లుకి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. ఆరో తరగతి బి సెక్షన్ అమ్మాయి ఒకతి మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికొచ్చింది. నీళ్ళ వైపు చూడను కూడా చూడలేదు. వరండా గోడలకి చకచకా కాగితాలు అంటిస్తోంది.

అప్పటికి ముప్పై ఏడు అంటించింది. మూడు మిగిలాయి.

ఒకటి సైన్స్ ల్యాబ్ తలుపు మీద. ఒకటి నోటీసు బోర్డులో, సరిగ్గా పరీక్షల టైంటేబుల్ మీద. ఆఖరిది చేతులు కడుక్కునే కుళాయిల పైన.

అన్నిటి మీదా ఒకే మాట.

"ఒంటి చెప్పుల దొంగ ఎవరు? ముప్పై ఒకటో పేజీ చదవండి. జుట్టు నిక్కబొడుచుకుంటుంది. పుస్తకం లైబ్రరీలో ఉంది. త్వరపడండి."

"ఏయ్ మైకూ."

తిరిగి చూస్తే పీఈటీ సార్. రెండు చేతుల నిండా సబ్బు నురగ.

"ప్రశాంతంగా చేతులు కడుక్కుందామని వస్తే మొహం మీద ఈ ముప్పై ఒకటో పేజీ ఏంటమ్మా?"

"మీరూ చదవచ్చు సార్."

"నిక్కబొడుచుకోవడానికి నాకు జుట్టెక్కడుంది?" అంటూ సార్ తల తడుముకున్నారు. నురగంతా తలకి అంటుకుంది. అది చూసుకోకుండానే స్టాఫ్ రూమ్‌లోకి వెళ్ళిపోయారు.

ఆ అమ్మాయిని స్కూలంతా మైకు అనే పిలుస్తుంది. ఆమె ఎవరి చెవిలోనైనా రహస్యం చెబితే పక్క క్లాసు వాళ్ళు సమాధానం చెబుతారు. ఆ పేరుకి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. కథలు రాసేవాళ్ళకి గొంతు ఉండాలి కదా అనుకునేది.

ఆమె కథలు రాస్తుంది. ఇప్పటికి ఒకటి రాసింది. దాని పేరు "ఒంటి చెప్పుల దొంగ". ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఇళ్ళ ముందున్న చెప్పుల జతల్లో ఒక్కో చెప్పు మాయమవుతుంటుంది. రెండోది అక్కడే ఉంటుంది. ఎవరు తీస్తున్నారో ఒక అమ్మాయి కనిపెడుతుంది. మొత్తం ముప్పై రెండు పేజీలు. రాసింది మైకు, కుట్టి జిగురు పెట్టింది వాళ్ళమ్మ.

వాళ్ళ స్కూల్ లైబ్రరీలో కిటికీ పక్కన ఒక అర ఉంది. పిల్లలు సొంతంగా రాసిన పుస్తకాలు అక్కడ పెట్టచ్చు. రెండు వారాలు గడువు. ఆలోగా ఐదుగురు చదివి, ఎలా ఉందో ఒక్కో పసుపు కార్డు మీద రాయాలి. ఐదు కార్డులు వస్తే లైబ్రరీ మేడమ్ ఆ పుస్తకానికి నంబరు ఇచ్చి, వెన్ను మీద స్టిక్కరు అంటిస్తారు. ఇక అది అచ్చు పుస్తకాలతో సమానం. ఎప్పటికీ అక్కడే ఉంటుంది. రాకపోతే పుస్తకం ఇంటికి పోతుంది.

పోయిన టర్మ్‌లో మైకు పుస్తకం ఇంటికే పోయింది. ఒక్క కార్డు కూడా రాలేదు.

అది కాదు అసలు బాధ. ఆమె పక్క బెంచీలో కూర్చునే అబ్బాయి, అందరూ లాజిక్ అని పిలిచేవాడు, కూడా ఒక పుస్తకం రాశాడు. "నత్తలు ఎందుకు తొందరపడవు". నత్తల గురించి పదహారు పేజీలు. దానికి నంబరొచ్చింది. రెండు వేల నూట పద్దెనిమిది.

నత్తలకి నంబరు. తనకి లేదు.

ఈ టర్మ్ గడువు శుక్రవారం మూడున్నరకి అయిపోతుంది. ఈరోజు మంగళవారం. అందుకే ఈ పోస్టర్లు. వాళ్ళమ్మది జిరాక్స్ షాపు. "నీ పుస్తకం రాయడానికి పట్టిన ఇంకు కన్నా దీనికే ఎక్కువ టోనరు పట్టిందే," అని అమ్మ గొణుగుతూనే నలభై కాపీలు తీసిచ్చింది.

పొద్దున అసెంబ్లీలో వార్తలు చదివే వంతు కూడా మైకుదే. వాతావరణానికీ ఆటల వార్తలకీ మధ్యలో, "ఇప్పుడే అందిన వార్త. ఒంటి చెప్పుల దొంగ లైబ్రరీలో ఉన్నట్టు తెలిసింది," అని చదివేసింది. హెడ్మాస్టారికి దగ్గు తెర వచ్చింది. ఆయన దగ్గడం ఆపేలోగా ఆటల వార్తలు కూడా అయిపోయాయి.

బెల్ మోగింది.

మైకు లైబ్రరీకి పరిగెత్తేసరికి గుమ్మం దాకా లైను ఉంది.

ముందు నిలబడింది ఎనిమిదో తరగతి పొడుగన్న. పుస్తకం తీసుకున్నాడు. బొటనవేలు తడి చేసుకుని రయ్యిమని తిప్పాడు. ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆపాడు. నిలబడే చదివాడు. మూసేశాడు. కార్డు మీద ఏదో గీకి వెళ్ళిపోయాడు.

మొత్తం తొంభై సెకన్లు.

తర్వాత ఇద్దరు కలిసి చదివారు, ఒకరి భుజం మీదుగా ఒకరు. తర్వాత బిస్కెట్ తింటూ ఒకమ్మాయి. తర్వాత ఇంకొకడు. ఐదు కార్డులు నిండేసరికి పది నిమిషాలు కూడా కాలేదు. ఆరో వాడు లాజిక్. అతని దాకా రాకుండానే లైను చెదిరిపోయింది.

"నువ్వు రేపు చదువుకోవచ్చులే," అంది మైకు గర్వంగా. "ఎలాగూ పుస్తకం ఇక ఇక్కడే ఉంటుంది."

మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. "స్టిక్కరు మేడమ్."

లైబ్రరీ మేడమ్ ఎప్పుడూ తొందరపడరు. కళ్ళజోడు పెట్టుకుని కార్డులు ఒక్కొక్కటే చదివారు, పైకి.

"ముప్పై ఒకటో పేజీ బాగుంది."

"దొంగ వాచ్‌మనా. నేను అనుకున్నా."

"నేను కూడా అనుకున్నా."

"ఇంతేనా?"

"జుట్టు నిక్కబొడుచుకోలేదు. చేతిరాత బాగుంది."

మైకు చెయ్యి ఇంకా చాపే ఉంది.

మేడమ్ పుస్తకం తెరిచారు. ముప్పై ఒకటో పేజీ మీద బిస్కెట్ పొడి, వేలిముద్రలు, ఒక తడి మరక. మిగతా పేజీలు కరకరలాడుతున్నాయి. వెనక్కి తిప్పుతూ తిప్పుతూ పద్నాలుగో పేజీ దగ్గర ఆగారు. పద్నాలుగూ పదిహేనూ తెరుచుకోలేదు. కుట్టేటప్పుడు పడిన జిగురుకి రెండూ అతుక్కుపోయాయి.

"ఐదుగురు చదివిన పుస్తకం," అన్నారు మేడమ్. "ఈ రెండు పేజీలు అతుక్కునే ఉన్నాయి. ఒక్కరూ వచ్చి అడగలేదు."

మైకు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రెండు పేజీల్లోనే కథలోని అమ్మాయి అల్మరాలో దాక్కుంటుంది. అది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

"రూలు ప్రకారం ఐదు కార్డులు వచ్చాయి. స్టిక్కరు సిద్ధంగా ఉంది." మేడమ్ సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టారు. తెల్లటి స్టిక్కరు. దాని మీద రెండు వేల నూట ఇరవై నాలుగు. "అంటించమంటే ఇప్పుడే అంటిస్తాను. నువ్వు చెప్పు."

మైకు నోరు తెరిచింది. మాట రాలేదు. అలా జరగడం ఆమె పుట్టాక అదే మొదటిసారి.

"శుక్రవారం దాకా టైముంది కదా మేడమ్?"

"ఉంది. కానీ కార్డులు మళ్ళీ ఒకటి నుంచి లెక్క. అప్పటికి ఐదు రాకపోతే పుస్తకం ఇంటికే."

"సరే మేడమ్," అంది. అనేసి, ఎందుకన్నానా అని అప్పుడే భయపడింది.

భయపడాల్సిందే. వరండాలో కనిపించిన ప్రతి ఒక్కరినీ ఆపి, "మొదటి పేజీ నుంచి చదువుతారా?" అని అడిగింది. అందరిదీ ఒకే జవాబు.

"వాచ్‌మనే కదా. తెలుసులే."

ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలిసిపోయింది. అక్షరాలు రాని వాళ్ళకి కూడా.

సాయంత్రం గేటు దగ్గర ఇంకో ముచ్చట. బయటికి వెళ్తున్న చిన్నపిల్లలు గేటు దాకా వచ్చి, బూట్లు విప్పి చంకలో పెట్టుకుని, దాటాక మళ్ళీ తొడుక్కుంటున్నారు. స్కూల్ వాచ్‌మన్ తాత నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

"పాపా, ఇలా రా. నేను చెప్పులు దొంగిలించానని రాశావట."

మైకు నేల చూపులు చూసింది. "మీరు కాదు తాతా. కథలో వాచ్‌మన్."

"స్కూల్లో ఉన్న వాచ్‌మన్‌ని నేనొక్కణ్ణే కదమ్మా."

"సారీ తాతా."

"సారీ సంగతి సరే. నాకొక్కటి చెప్పు. ఒక్కో చెప్పు ఎత్తుకెళ్ళి నేనేం చేసుకున్నాను? జత తీసుకుంటే తొడుక్కోవచ్చు. ఒక్కటి దేనికి?"

మైకు ఆలోచించింది. ముప్పై ఒకటో పేజీలో ఆ సంగతి లేదు. ముప్పై రెండులో కూడా లేదు. అసలు ఆమెకే తెలియదు.

"తెలుసుకుని చెప్తా తాతా," అంది.

ఇంటికి వెళ్ళగానే, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మమ్మ మందుల పెట్టెల్లో ఉండే కాగితాలు కూడా ఆఖరి అక్షరం దాకా చదివే మనిషి.

"మొదటి నుంచి చదువు అమ్మమ్మా. ఎక్కడ విసుగొస్తే అక్కడ చెప్పు."

"అక్కడే చెప్పనా? అయ్యాక చెప్పనా?"

"అక్కడే."

అమ్మమ్మ కొద్దిసేపు చదివింది. "ఇక్కడ."

"అప్పుడేనా?"

"నాలుగు పేజీల నుంచీ ఈ పిల్ల జడ వేసుకుంటూనే ఉంది. రిబ్బను రంగు కూడా రెండుసార్లు చెప్పావు. అంతసేపు జడ వేస్తే నా తలే నొప్పెడుతోంది. దొంగ ఎప్పుడొస్తాడే?"

మైకుకి ఉక్రోషం వచ్చింది. అయినా పెన్సిలు తీసి ఆ నాలుగు పేజీల మీద అడ్డగీత గీసింది. ఆ గీత గీయడం చెయ్యి గిల్లుకున్నట్టే ఉంది.

అమ్మమ్మ పద్నాలుగో పేజీ దగ్గరికొచ్చింది. స్కేలు పెట్టి జిగురు నెమ్మదిగా విడదీసింది. చదవడం మొదలుపెట్టింది. అల్మరాలో దాక్కున్న అమ్మాయికి తుమ్ము వస్తుంది. తుమ్మితే దొరికిపోతుంది. ముక్కు మూసుకుంటుంది. అప్పుడు ఎక్కిళ్ళు మొదలవుతాయి. ఎక్కిళ్ళు ఆపుకుంటే తుమ్ము, తుమ్ము ఆపుకుంటే ఎక్కిళ్ళు.

అమ్మమ్మ నవ్వు వంటింటి దాకా వినిపించింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

"ఇంత బాగా రాసి దీనికి జిగురు పూశారేంటే?"

మైకు అమ్మమ్మ మొహాన్నే చూస్తూ కూర్చుంది. తన కథ చదువుతూ ఒక మనిషి నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడటానికి చాలా బాగుంది.

బుధవారం లంచ్ అంతా పోస్టర్లు పీకింది. సాయంత్రమంతా రాసింది. జడ పోయింది. దొంగ మారాడు. ఒక్క చెప్పే ఎందుకు పోతోందో కారణం దొరికింది. అది దొరికేసరికి మైకు కుర్చీలోంచి లేచి గదంతా రెండు చుట్లు తిరిగింది. ఆఖరున రబ్బరు తీసుకుని పుస్తకంలో పెన్సిలుతో వేసిన పేజీ నంబర్లన్నీ చెరిపేసింది.

గురువారం పొద్దున అమ్మ షాపులో ఒకే ఒక్క కాపీ తీయించింది.

"ఒక్కటేనా?" అంది అమ్మ. "ఒంట్లో బానే ఉందా?"

ఆ ఒక్కటీ లైబ్రరీ బయట అంటించింది. అది పోస్టరు కాదు. కథలో మొదటి పేజీ.

"మూడో అంతస్తులో పన్నెండు ఇళ్ళు. తెల్లారేసరికి పదకొండు ఇళ్ళ ముందు ఎడమ చెప్పులే ఉన్నాయి. కుడి చెప్పులు లేవు. పన్నెండో ఇంటికి తాళం వేసి రెండేళ్ళయింది. ఆ ఇంటి ముందు మాత్రం"

అక్కడికి పేజీ అయిపోయింది.

మైకు స్తంభం పక్కన నిలబడి చూసింది. ఒక్క మాట కూడా మాట్లాడకూడదని పళ్ళు బిగపట్టుకుంది. ఇద్దరు చూసుకోకుండా వెళ్ళిపోయారు. మూడో మనిషి ఆగాడు. చదివి, కాగితం మూల ఎత్తి వెనక ఏముందో చూశాడు. గోడ ఉంది.

వాచ్‌మన్ తాత.

"పాపా, ఆ ఇంటి ముందు ఏముంది?"

"లోపల ఉంది తాతా."

పెద్దవాళ్ళు కార్డు రాయచ్చా అని అడిగితే, పిల్లలే రాయాలని రూల్లో ఎక్కడా లేదన్నారు మేడమ్. తాత గేటు పక్కన స్టూలు వేసుకుని, బళ్ళు వచ్చినప్పుడల్లా లేస్తూ, మధ్యాహ్నం దాకా చదివాడు. కార్డు మీద ఇలా రాశాడు: "నేను దొంగను కాను. సంతోషం. అల్మరా దగ్గర నవ్వాను. మేడ మీది గదికి తాళం ఎవరిచ్చారో రాయలేదు."

ఒకటి.

సాయంత్రం తొమ్మిదో తరగతి అక్క ఒకరు ఇంటికి తీసుకెళ్ళారు. రెండు. శుక్రవారం పొద్దున పీఈటీ సార్ తీసుకున్నారు. "జుట్టు గురించి చెప్పలేను. గ్రౌండ్‌కి వెళ్ళడం మర్చిపోయాను," అని రాశారు. ఆ రోజు ఏడో తరగతి వాళ్ళు విజిల్ లేకుండానే ఆడుకున్నారు.

మూడు.

మధ్యాహ్నం రెండూ యాభైకి లైబ్రరీ పీరియడ్. మైకు పుస్తకం లాజిక్ తీసుకున్నాడు.

మిగతా పిల్లలు ఏదో ఒకటి చదువుతారు. లాజిక్ అలా కాదు. ఒక్కో వాక్యం చదివి, కళ్ళు మూసుకుని, అది నిజంగా జరగచ్చో లేదో చూసి, అప్పుడు రెండో వాక్యానికి వెళ్తాడు.

మూడయింది. ఐదో పేజీ.

మూడుంబావయింది. తొమ్మిదో పేజీ.

మైకు ఎదురుగా కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఇంకా పావుగంట. రెండు కార్డులు కావాలి. బల్ల మీద తెల్లటి స్టిక్కరు ఎదురుగా కనిపిస్తోంది.

అప్పుడే పొడుగన్న లోపలికొచ్చాడు. సంగతి కనుక్కున్నాడు. నవ్వాడు.

"దీనికింత టెన్షన్ ఎందుకే? నాకో కార్డు ఇవ్వు, వీడికో కార్డు ఇవ్వు. 'బాగుంది' అని రాసేస్తాం. ఐదయిపోతాయి. రెండు నిమిషాల పని."

"అన్నా, నువ్వు చదవలేదు కదా."

"ఇప్పుడు చదువుతాలే. మళ్ళీ ముప్పై ఒకటేనా?"

లాజిక్ తలెత్తాడు. "నీకు కావాలంటే కార్డు ముందే రాసిచ్చేస్తా," అన్నాడు మైకుతో. "తర్వాత కూడా చదువుతాను. తప్పేం లేదు."

అతను కార్డు కోసం చెయ్యి చాపాడు. పుస్తకం బల్ల మీద బోర్లా పెట్టబోయాడు.

మైకు గడియారం చూసింది. మూడూ ఇరవై రెండు. స్టిక్కరు చూసింది. తర్వాత పుస్తకం చూసింది. లాజిక్ బొటనవేలు ఇంకా పేజీ మధ్యలోనే ఉంది. అమ్మాయి అప్పుడే అల్మరా తలుపు తెరుస్తోంది.

"వద్దు," అంది మైకు. "నువ్వు చదువు."

"బెల్ కొట్టేస్తారు."

"కొట్టనీ. ఇక్కడ ఆపకు."

"పిచ్చిదానివా ఏంటి," అనేసి పొడుగన్న వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి గోడ మీది కాగితం చదివాడు. మూల ఎత్తి వెనక కూడా చూశాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు.

మైకు తన రఫ్ నోట్సులోంచి ఒక కాగితం చించింది. లాజిక్ కనుబొమలు ముడిచిన ప్రతిసారీ ఏ పేజీయో లెక్కపెట్టుకుని, ఆ కాగితం మీద రాసుకుంటోంది. అంతలో అతని ముక్కులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. లాజిక్ నవ్వితే అలాగే ఉంటుంది. మైకు అది కూడా రాసుకుంది. పక్కన తాత అడిగిన తాళం సంగతి వేసుకుంది.

బెల్ మోగింది.

పిల్లలంతా బ్యాగులతో పరుగు తీశారు. మేడమ్ స్టిక్కరు తీసి సొరుగులో పెట్టారు. "గడువు అయిపోయింది," అన్నారు మెల్లగా. "పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలి."

"తీసుకెళ్తాను మేడమ్. వచ్చే టర్మ్‌కి మళ్ళీ తెస్తా. వీడిది అయ్యేదాకా కూర్చోవచ్చా?"

మేడమ్ ఆర్పబోయిన లైటు స్విచ్చు మీంచి చెయ్యి తీసి, మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నారు.

లాజిక్‌కి బెల్ వినబడలేదు. పేజీ తిప్పాడు. తలెత్తకుండానే, "కొంచెం పక్కకి జరుగు. నీడ పడుతోంది," అన్నాడు.

మైకు కుర్చీ ఎత్తి, చప్పుడు కాకుండా పక్కకి జరిగింది.